నీలిబానలో సముద్రపు బురద

కేతేపల్లిలో వెంకటనర్సమ్మ మాటకు ఎదురాడే మనిషి లేడు. ఏభై దాటింది, మొగుడు బక్కయ్య పోయి ఇరవై ఏళ్లయింది, పిల్లలు లేరు, తమ్ముడి ఇంట్లో ఉంటోంది. పాపం అని ఎవరైనా నోరు తెరవబోతే, ఆ పాపాన్ని వాళ్ల నోట్లోనే కుక్కి పంపేది. తమ్ముడి నీడన బతుకుతున్నానని ఆమె ఒక్కనాడూ అనుకోలేదు. తమ్ముడు వెంకటరాజం మగ్గమే తన నీలిబాన నీడన ఆడుతోందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధమేమీ లేదు కూడా.

నూలుకు నీలం వేసే ఆ బాన అత్తింటినుంచి ఆమెతో వచ్చింది, పెరటి కొట్టంలో మెడదాకా నేలలో పాతి ఉండేది. చుట్టుపక్కల సాలెవాడలన్నీ డబ్బా రంగులకు మళ్లిపోయాయి. వాళ్ల బానల్లో కొన్ని పగిలాయి, కొన్నిటిలో బర్రెలు కుడితి తాగుతున్నాయి. వెంకటనర్సమ్మ బాన ఒక్కటే బతికి ఉంది. బతికి ఉండడమంటే నిజంగా బతికి ఉండడమే. దానికి బెల్లం కావాలి, సున్నం కావాలి, ఉడకబెట్టిన తంటెం గింజలు కావాలి. పొద్దున్నే మూత తీసి వాసన చూసి, నిన్న రాత్రి దానికి ఎలా గడిచిందో ఆమె చెప్పగలదు. తెలియనివాళ్లు బాన లోపల నీళ్లు నీలంగా ఉంటాయనుకుంటారు. బతికున్న బాన లోపలంతా ఆకుపచ్చ కలిసిన పసుపే. నూలు ముంచి తీస్తే పచ్చగా పైకి వస్తుంది, గాలి తగలగానే కళ్లముందే నీలమవుతుంది. గాలి పని బయటే. అది లోపలికి చొరబడిందంటే బాన పాడైపోతుంది.

వెంకటరాజం భార్య శారదమ్మ మంచి మనిషి. ఈ కథలో చిక్కంతా ఆ మంచితనం వల్లే వచ్చింది.

శారదమ్మ కొడుకు పరమేశ్వర్ ఇరవై నాలుగేళ్లవాడు, వాల్తేరులో సముద్రం గురించి పరిశోధన చేస్తున్నాడు. సాలెవాడికి సముద్రమేమిటని ఊరు నవ్వింది. అతను చదివేది సముద్రాన్ని కూడా కాదు, దాని అడుగునున్న బురదని తెలిశాక నవ్వడానికి ఊరికి ఓపిక మిగల్లేదు. 1962 మే నెలలో సెలవులకు వస్తూ ఆ బురదను మూడు గాజు సీసాల్లో వెంట తెచ్చుకున్నాడు. వేసవిలో అక్కడ అతని గది కప్పు విప్పి బాగుచేస్తున్నారట. పనివాళ్లు కంపు భరించలేక సీసాలు పారేస్తారని భయపడ్డాడు. బెండు బిరడాలు బిగించి, మీద మైనం పోసి, తడి గోనె చుట్టి, కన్నబిడ్డలను తెచ్చినట్టు తెచ్చాడు. జూన్ మొదటి తేదీన మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఆ బురద చూడాలి. బతికున్న బురద చూపిస్తే అతని రెండేళ్ల పని నిలుస్తుంది, లేకపోతే అంతా నీళ్లపాలే. మళ్లీ పడవెక్కించి సముద్రంలోకి తీసుకుపోయేవాళ్లు లేరు.

ఇంటికొచ్చిన నాలుగో రోజున పాత మాస్టరును చూడడానికి అతను నల్గొండ వెళ్లాడు. పోతూ పోతూ తల్లికి సీసాలు అప్పజెప్పాడు.

"అమ్మా, జర పైలం. నీడకే ఉండాలె. గోనె ఆరనియ్యకు."

శారదమ్మ పైలంగానే చూసింది. చూసేకొద్దీ ఆమెకు మనసొప్పలేదు. ఇంట్లో మామిడికాయ తొక్కు పెట్టే రోజులవి. ఎదురుగా మూడు జాడీల్లాంటి సీసాలు, లోపల సరుకు నల్లబడిపోయి, బుడగలొస్తూ, బిరడా సందులోంచి మురిగిన గుడ్డు కంపు కొడుతూ. పరాయి ఊళ్లో పనివాళ్లే భరించలేని కంపు కన్నతల్లి ఎలా భరిస్తుంది? బూజు పట్టిన తొక్కుకు ఏ ఇల్లాలైనా ఏం చేస్తుందో ఆమె అదే చేసింది. మైనం గీకి తీసింది, కత్తి మొనతో బిరడాలు పెకిలించింది. అవి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మూడింటినీ తెడ్డుతో అడుగునుంచి బాగా కలియబెట్టి, మూతులకు పల్చటి గుడ్డ కట్టి, మామిడి ముక్కల పక్కనే ఎండలో పెట్టింది. సాయంత్రానికి కంపు తగ్గింది. నలుపు కూడా విరిగి ఇటుక రంగుకు తిరిగింది. మర్నాడు మధ్యాహ్నం కొడుకు ఇంట్లో అడుగుపెట్టగానే, ఎంత బాగైందో చూడమని సంబరంగా చేయిపట్టి తీసుకుపోయింది.

వెంకటనర్సమ్మ కొట్టంలో నూలు పిండుతుంటే కేక వినిపించింది. పరుగున వెళ్లేసరికి పరమేశ్వర్ సీసాల ముందు చతికిలబడి ఉన్నాడు, శారదమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుని ఉంది.

"సంపినవే అమ్మా," అంటున్నాడు అతను. "రెండేండ్ల పని సంపినవ్."

"నోర్ముయ్," అన్నది వెంకటనర్సమ్మ. "నీ బురదకు నోరుంటే ఉందో పోయిందో అదే చెప్తది. ఎవర్నిరా సంపిందంటున్నవ్, కన్నతల్లిని పట్టుకొని? ముందు గిదేందో నాకు సక్కగ చెప్పు."

పరమేశ్వర్ చెప్పాడు. మొదట ఏడుపు గొంతుతో, తర్వాత మామూలుగా, చివరికి చదువుకున్నవాళ్లు తమకిష్టమైనది చెప్పేటప్పుడు వచ్చే ఉత్సాహంతో. సముద్రం ఒడ్డున లోతు పెరిగేచోట అడుగు బురదకు గాలి అందదు. అయినా అందులో కంటికి కనిపించని జీవాలు కోట్లకు కోట్లు బతుకుతాయి. మనం గాలి పీల్చినట్టు అవి ఉప్పునీళ్లలోని గంధకాన్ని వాడుకుంటాయి. ఆ కంపు వాటి ఊపిరే. ఆ ఊపిరి బురదలో ఉన్న ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. నలుపు ఉందంటే అవి ఉన్నట్టు. గాలి తగిలితే నలుపు తుప్పుగా మారుతుంది, జీవాలు పోతాయి.

వెంకటనర్సమ్మ మాట మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆమె జీవితంలో అది అరుదు. విన్నాక నవ్వింది.

"గింతేనా? గిది నా బాన చెల్లెలు గదరా! నువ్వు చదివింది రెండేండ్లు. గాలి పడని దాంతోని నేను ఇరవై ఏండ్లు కాపురం చేసిన."

ఒక్కో సీసా ఎత్తి, గుడ్డ విప్పి, ముక్కు దాదాపు బురదకు తాకేలా పెట్టి వాసన చూసింది. తర్వాత వెలుతురుకు పెట్టి అడుగు చూసింది. రెండు సీసాల్లో తుప్పు రంగు కింద వేలెడు మందాన నలుపు మిగిలింది. మూడోదాంట్లో ఏమీ లేదు.

"గీ రెండు సావలేదు, అలిగినయ్. మూడోదాని సంగతి తెల్వది. పాలు తోడుకోవాలంటే ఎంత పెరుగు గావాలె? చెంచెడు. అడుగున గంత నలుపుంటే సాలు. దీనికి తిండేంది చెప్పు."

"మా దగ్గర పెట్టేది పుల్ల మజ్జిగల ఉండే పులుపే అత్తా. ఇంక బేది ఉప్పు."

"కడుపు కడిగేటందుకు దవాఖానల ఇస్తరే, గదా?"

"గదే. దాంట్లె గంధకం ఉంటది."

బేది ఉప్పు కోసం అతను సైకిలేసుకుని నకిరేకల్ పోయాడు. దుకాణం ఖుద్దూస్ ఇంత ఉప్పు ఎవరికని, ఇంట్లో అందరికీ బాగలేదా అని కంగారుపడ్డాడట. ఈలోగా వెంకటనర్సమ్మ నీళ్లు తెర్లకాచి, గాలంతా పోయేదాకా మరిగించి, మూతపెట్టి చల్లార్చింది. అతను రాగానే ఆ నీళ్లలో బేది ఉప్పూ, వంట ఉప్పూ, వడకట్టిన పుల్ల మజ్జిగ తేటా కలిపి సీసాలను మూతిదాకా నింపారు.

ఇక బిరడాల సంగతి. బెండు బిరడాలు కేతేపల్లిలో ఎక్కడ దొరుకుతాయి? లక్క పోసి మూసేద్దామని వెంకటరాజం మగ్గం గుంటలోంచే సలహా ఇచ్చాడు. పరమేశ్వర్ తల అడ్డంగా ఊపాడు. కోలుకునేటప్పుడు బురదలోంచి వాయువు ఎక్కువగా వస్తుంది, గట్టిగా మూస్తే సీసా పగులుతుంది. వదులుగా మూస్తే గాలి దూరుతుంది. రెండూ కుదరవని మళ్లీ చతికిలబడ్డాడు.

"తేన్పు బయటికి పోవాలె, గాలి లోపలికి రావొద్దు. గంతే గద," అన్నది వెంకటనర్సమ్మ. "ఫికర్ చెయ్యకు. నా బానల ముంచుత."

మగ్గం చప్పుడు ఆగింది. వెంకటరాజం లేచి వచ్చాడు.

"అక్కా, బానల నూలు తప్ప ఇంకోటి పడొద్దని బావ అంటుండె గద."

"మీ బావ పోయిండు, బాన ఉన్నది. అది ఎట్ల బతుకుతదో నాకు తెలుసు. పోయి నీ నాడె ఆడించుకో."

ఆముదంలో నానబెట్టిన నూలు గుడ్డను సీసాల మూతుల్లో కూరింది. బుడగ తోసుకుని పైకి పోగలదు, సున్నపు నీళ్లు లోపలికి దిగలేవు. సీసాల మెడలకు తాళ్లు కట్టి, మూడింటినీ నిలువునా బానలోకి దించి, మూత పెట్టి, మూత మీద తను కూర్చునే పీట పెట్టింది. ఏడు రోజులు ఎవరూ ముట్టకూడదని హుకుం చేసింది. బానలో సీసాలు కదలకూడదు కాబట్టి ఆ ఏడు రోజులూ బాన కలపడం లేదు, నూలు ముంచడం లేదు.

పరమేశ్వర్ రోజుకు పదిసార్లు కొట్టం గుమ్మం దాకా వచ్చేవాడు. ఆమె పదిసార్లు తరిమేది. బాలింతరాలి గది ముందు మొగుడు తిరిగినట్టు తిరుగుతున్నావని ఎగతాళి చేసేది. శారదమ్మ మాత్రం ఆ వైపే రాలేదు. అన్నం వండి పెట్టి, తను రెండు ముద్దలు తిని లేచిపోయేది. మూడోరోజు పొద్దున వెంకటనర్సమ్మ మూత తీస్తే బాన మీద ఎప్పుడూ ఉండే నీలి నురుగు సగం తగ్గింది. ఇరవై ఏళ్లలో ఆ నురుగు అంత పల్చబడడం ఆమె చూడలేదు. ఎవరికీ చెప్పలేదు. బానను కదపకుండా అంచు వెంబడి బెల్లం పాకం పోసి, మూతపెట్టి, బయటికొచ్చి మేనల్లుడి మీద మామూలుగా అరిచింది. అయిదో రోజుకు నురుగు మళ్లీ కూడింది.

ఏడోరోజు పొద్దున సీసాలు తీశారు. కడిగి వెలుతురుకు పెట్టగానే రెండు సీసాలు అడుగునుంచి మూతిదాకా కాటుక నలుపు. మూడోది తుప్పు తుప్పుగానే ఉంది. పరమేశ్వర్ రెండు నల్ల సీసాలనూ గుండెలకు హత్తుకున్నాడు. అయినా చదువుకున్నవాడు కదా, నలుపు ఒక్కటే చాలదు, ఆ వాయువు వస్తోందో లేదో చూడాలి, దానికి వెండి కావాలి, ఆ వాయువు తగిలితే వెండి నల్లబడుతుంది అన్నాడు. శారదమ్మ ఆ మాట వినీ వినగానే వంగి కాలి మెట్టె లాగబోయింది.

"ఏయ్! నా తమ్ముడు బతికుండంగ మెట్టె తీస్తవా? బుద్ధుందా నీకు?" అని వెంకటనర్సమ్మ గదమాయించి, బొడ్డు దగ్గర ముడి విప్పింది. ఆ ముడిలో బక్కయ్య తొడిగిన మెట్టెలు ఇరవై ఏళ్లుగా ఉన్నాయి. ఒకటి దారానికి కట్టి, సీసా గుడ్డ కొంచెం వదులు చేసి, మూతి దగ్గర వేలాడదీసింది. చూస్తుండగానే మెట్టె పసుపుకు, పసుపునుంచి గోధుమకు, తర్వాత నలుపుకు తిరిగింది. రెండో సీసా దగ్గరా అంతే. కొట్టమంతా మురిగిన గుడ్డు కంపు నిండింది. ఆ కంపుకు ముగ్గురూ ముక్కు మూసుకోలేదు. శారదమ్మ వారం రోజుల తర్వాత పూర్తిగా అన్నం తిన్నది.

ఇక పోవడం మిగిలింది. రేపు పొద్దున్నే బస్సెక్కి బెజవాడ, అక్కడ రైలెక్కి వాల్తేరు. రోహిణి కార్తె ఎండ. బస్సు కుదుపులు. గుడ్డ బిరడాలతో సీసాలు బయట పెడితే సూర్యాపేట దాటకముందే మళ్లీ తుప్పే.

"కుండల పెట్టి, బాన నీళ్లు నింపి, గట్లనే తీస్కపో," అన్నది వెంకటనర్సమ్మ.

పరమేశ్వర్ సంతోషంగా సరేనని తన పుస్తకాలు సర్దుకోవడానికి పోయాడు. అతనికి తెలియని సంగతి ఒకటుంది. పైపైన తోడిన బాన నీళ్లు ఒక పూట కూడా నిలవవు, కుదుపుకు గాలి కలిసి నీలమై పాడవుతాయి. వాల్తేరుదాకా బతకాలంటే బాన అడుగున ఉండే చిక్కటి మడ్డి కలవాలి. ఆ మడ్డిని తోడు అంటారు. బక్కయ్య ఇంటి ఆచారంలో తోడు గడప దాటేది ఒక్కసారే, అది వారసుడి చేతికే. ఇచ్చిన చేయి ఆనాటినుంచి బానలో మునగకూడదు. బాన కొత్తవాడిది. వెంకటనర్సమ్మ అత్త కోడలి చేతికి తోడు ఇచ్చిన రోజునుంచి చచ్చేదాకా అరుగు మీద తంటెం గింజలు ఏరుతూ గడిపింది. ఒక్క నూలుపోగు ముంచలేదు. జడ్చర్ల నుంచి ఒక రంగులాయన తోడు కోసం మూడుసార్లు వచ్చి బతిమాలితే వెంకటనర్సమ్మ మూడుసార్లూ మజ్జిగ పోసి పంపించింది.

సాయంత్రం కొట్టంలో శారదమ్మ కుండ పట్టుకుంది. వెంకటనర్సమ్మ పొడుగు కాడ గరిటె తీసుకుని బాన అడుగుదాకా దించింది. శారదమ్మ చప్పున ఆమె మణికట్టు పట్టుకుంది.

"వదినె! గది తోడు!"

"తోడే. వట్టి నీళ్లు సస్తయ్ గద."

"వాడేమన్న బాన వేసేటోడా? నువ్వు రేపటిసంది ఏం జేస్తవ్?"

"కూసుంట. మా అత్త కూసోలేదా?"

మాట గట్టిగానే అన్నది. కానీ చేతులకు పనిలేని రోజు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ ఊహించుకోలేదు. ఊహించుకుంటే చేయి ఆగిపోతుందని, ఊహించుకోకుండానే గరిటె పైకి లాగింది. ఒక గరిటె, రెండు, మూడు. చిక్కటి పచ్చటి మడ్డి కుండలోకి జారింది. శారదమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. సీసాలు కలిపిన నాడే తన చేతులు విరగనందుకు తనను తనే తిట్టుకుంటోంది.

"జరుగు, కుండల కన్నీళ్లు పడ్తయ్," అన్నది వెంకటనర్సమ్మ. "నువ్వు బూజనుకొని కలిపినవ్. మంచిదనుకొనే చేసినవ్. నేను మంచిదని తెలిసి ఇస్తున్న. వాని బురద నిలవాలె. బాన వేసే కొడుకు నాకు లేడు. వీడన్న ఉన్నడు."

మర్నాడు బస్సు కండక్టరు కుండను లోపలికి రానివ్వనన్నాడు. కంపు అన్నాడు, రూలు అన్నాడు. వెంకటనర్సమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి అతని పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టేసరికి కిటికీ పక్క సీటే ఖాళీ చేయించాడు. పరమేశ్వర్ కుండను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. బస్సు కదలబోతుండగా శారదమ్మ కిటికీలోంచి కొడుకు చెవిలో ఏదో చెప్పింది. అతను తల తిప్పి మేనత్త వైపు చూశాడు. నోరు తెరిచేలోగా దుమ్ము లేచింది, బస్సు పోయింది.

వెంకటనర్సమ్మ ఇంటికొచ్చి చేతులు బూడిదపెట్టి తోమింది. గోళ్ల సందుల్లో నీలం పోలేదు. కొట్టం తలుపు వేసి అరుగు మీద కూర్చుంది. మర్నాడు చాట ముందేసుకుని తంటెం గింజలు ఏరింది. ఆ మర్నాడూ ఏరింది. బానకు తిండి శారదమ్మ వేస్తోంది, ఆమె అరుగు మీదనుంచే ఎంత వేయాలో అరిచి చెబుతోంది. బాన బాగానే ఉంది. ముంచే చేయి లేదంతే. వెంకటరాజం నీలం నూలు అయిపోయి తెల్ల పంచలు నేస్తున్నాడు. అక్క వైపు చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు. వారం గడిచేసరికి ఆమె గొంతు కూడా తగ్గింది. అది చూసి వాడకట్టు బెంగపడింది. ఒకసారి ఆమె ఏరిన గింజల్నే మళ్లీ ఏరుతుండడం శారదమ్మ చూసి, లోపలికి పోయి ఏడ్చుకుంది.

జూన్ ఆరున కార్డు వచ్చింది. వెంకటరాజం అరుగు చివర నిలబడి, కూడబలుక్కుంటూ చదివాడు.

"అత్తకు, అమ్మకు, బాపుకు. రెండు సీసాలూ నల్లగా చేరాయి. మద్రాసు పెద్దమనిషి బిరడా తీయమన్నాడు. తీశాను. ఆయన రుమాలు ముక్కుకు పెట్టుకుని వరండాలోకి పరుగెత్తాడు. తిరిగొచ్చి చాలా బాగుందన్నాడు. ఇంకో ఏడాది పడవ ఇస్తారు."

శారదమ్మ రెండు చేతులూ మొహానికి పెట్టుకుంది. వెంకటనర్సమ్మ చాటలోంచి తల ఎత్తకుండా, "నేను చెప్పలే?" అన్నది.

"అత్తా, తోడు సంగతి అమ్మ బస్సు దగ్గర చెప్పింది," వెంకటరాజం కార్డు తిప్పి చదివాడు. "తెలిసుంటే కుండ ముట్టేవాడిని కాదు. కానీ ముట్టాను. కాబట్టి కేతేపల్లి బాన ఇప్పుడు నాది. ముంచే హక్కు నాది. నేను ఇక్కడ సముద్రం మీద ఉంటాను, రాలేను. నా బాన నూలు లేక మురగడం నాకిష్టం లేదు. నా చేతికి బదులుగా నీ చేయి పెడుతున్నాను. ఇది నీ ఇష్టం కాదు, బానవాడి మాట. ఈ కార్డు అందిన రోజే మొదటి నూలు చిలప ముంచాలి."

"ఎంత పొగరురా వీనికి!" అన్నది వెంకటనర్సమ్మ. ఆ గొంతు మూడిళ్ల అవతలికి వినిపించింది.

వెంకటరాజం తల వంచుకుని మిగిలిన నాలుగు ముక్కలూ చదివాడు. కొడుకు అందరి ఆరోగ్యం అడిగాడు, నమస్కారాలు చెప్పాడు, సంతకం చేశాడు. చదవడం అయి తలెత్తేసరికి అరుగు మీద చాట ఒక్కటే ఉంది. పెరట్లో కొట్టం తలుపు తెరుచుకుంది, నూలు తెమ్మని శారదమ్మ మీద అరుపులు మొదలయ్యాయి.